చెమటన్నం

"ఆవిడ ఆ గిన్నె దగ్గర్నుంచి ఎందుకు కదలడం లేదు?" అంది యూలా.

"ఎవరు?" అన్నాడు ఆల్రిక్, రొట్టె తుంచుకుంటూ.

"మీ ఇటలీ ఆవిడ."

ఆ హోటల్లో వంటగదికి సగం గోడే ఉంది. దాని వెనక ఒర్నెల్లా పొయ్యి మీదికి వంగి అన్నం కలుపుతోంది. ఆవిరి మొహానికి కొడుతోంది. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటుంది, మళ్ళీ వంగుతుంది.

"రిసొట్టో అంటే అంతే. అది వాళ్ళ దేశపు అన్నం. కలుపుతూనే ఉండాలట."

"అన్నం ఎక్కడైనా అన్నమే. నీళ్ళు పోసి మూత పెడితే అదే ఉడుకుతుంది. మా అమ్మ పొయ్యి మీద పడేసి బట్టలు ఉతుక్కొచ్చేది."

"మొదలుపెట్టావా? నీ అనుమానం తీరుతుందనే కదా తీసుకొచ్చాను. తిను, చూడు, నోరు మూసుకో."

యూలా నోరు మూసుకుంది. కళ్ళు మూసుకోలేదు.

ఆల్రిక్ ఈ హోటలుకు చేపలు వేస్తాడు. చేపలున్నా లేకపోయినా ఈ మధ్య రోజూ వస్తున్నాడు. ఇక్కడే తిని, ఇంటికొచ్చి ఆకలి లేదంటున్నాడు. పక్క మీద పలకరిస్తే గోడవైపు తిరుగుతున్నాడు. టొబాగో దీవిలో ఈ జబ్బు తెలియని ఆడది లేదు. ఉడికే అన్నం మీద నిలబడి ఆడమనిషి తన చెమట అందులో పడనిస్తే చాలు, ఆ అన్నం తిన్న మనిషి ఇక ఆమెను వదిలి ఉండలేడు. చదువుకున్నవాళ్ళు ఈ మాటకి నవ్వుతారు గానీ, పరాయి ఇంట అన్నం మాత్రం ముట్టరు.

విరుగుడు కూడా అదేనని మెర్ల్ పిన్ని చెప్పింది. "దానికంటే నీ చెమట ఎక్కువ పడాలి, అంతే."

అందుకే మధ్యాహ్నం యూలా కిటికీలన్నీ మూసుకుని కొబ్బరిపాలతో అన్నం వండింది. అది ఇప్పుడు ఆమె చేతిసంచిలో, చిన్న డబ్బాలో ఉంది.

ఒర్నెల్లా తనే రెండు పళ్ళేలూ తెచ్చి పెట్టింది.

"ఆల్రిక్, నీకు ఉల్లిపాయ వెయ్యలేదు," అంది. తర్వాత యూలా వైపు తిరిగి, "మీకెలా ఇష్టమో నాకు తెలియదు," అని వెళ్ళిపోయింది.

"నువ్వు ఉల్లిపాయ తినవా?" అంది యూలా.

"ఇష్టం లేదు."

"ఇంట్లో తింటావే?"

"ఇంట్లో ఎవరడిగారు?"

యూలా చెంచాతో పళ్ళెం కెలికింది. "దీన్ని అన్నమంటారా? జ్వరమొచ్చినవాళ్ళకి పెట్టే జావలా ఉంది."

"నచ్చకపోతే ఇలా తొయ్యి."

"రెండు పళ్ళేలూ లాగిస్తావా? బాగానే పట్టింది నీకు."

ఆల్రిక్ అప్పటికే నాలుగు చెంచాలు తినేశాడు. ఐదోది ఎత్తబోతుంటే వీధిలోంచి ఎవరో పిలిచారు. తాడు ఊడి అతని పడవ పక్కకి కొట్టుకుపోతోందట. అతను చెంచా దించి, గొణుక్కుంటూ పరుగెత్తాడు.

యూలా అటూ ఇటూ చూసింది. పక్క బల్ల దగ్గర జర్మన్ జంట చేప ముళ్ళు ఏరుకుంటున్నారు. ఆమె ఒళ్ళో డబ్బా తెరిచి, తన అన్నం మొత్తం ఆల్రిక్ పళ్ళెంలో వేసి కలిపేసింది. డబ్బా సంచిలోకి పోయేసరికి ఎదురుగా ఒర్నెల్లా నిలబడి ఉంది, చేతిలో చీజు తురిమే పీట.

"పైన కొంచెం చీజు వేద్దామని..." అంటూ ఆగిపోయింది. పళ్ళెం మీదికి వంగింది. "ఇవి నా గింజలు కావే. నా బియ్యం పొట్టిగా ఉంటాయి."

యూలా సంచి ఒళ్ళోకి లాక్కుంది.

ఒర్నెల్లా చెంచా తీసుకుంది.

"వద్దు," అంది యూలా గబగబా. "అది అతని ఎంగిలి."

"నా వంటింట్లోంచి వచ్చిన పళ్ళెం. అందులో ఏముందో నాకు తెలియాలి."

ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నములుతూ యూలా మొహంలోకి చూసింది. ఇంకో చెంచా తిన్నది. నిలబడే తింటోంది. చీజు పీట బల్ల మీద పెట్టేసింది. పళ్ళెం ఖాళీ అయ్యాక అంచున మిగిలిన మెతుకులు వేలితో తీసుకుని నాకింది.

ఆల్రిక్ తడిసిన కాళ్ళతో తిరిగొచ్చాడు. "నా పళ్ళెం ఏదీ?"

"చల్లారిపోయింది. వేరేది తెస్తాను," అంది ఒర్నెల్లా.

వేరేది వచ్చింది. ఆల్రిక్ అదీ తిన్నాడు, యూలా పళ్ళెమూ తిన్నాడు. ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

యూలాకి నిద్ర పట్టలేదు. ఒర్నెల్లా పొద్దున్న పోలీసులతో వస్తుందా? ఊరంతా చెప్పి నవ్విస్తుందా? లేక ఎలాగూ గుట్టు బయటపడింది కదా అని, సిగ్గు విడిచి మొగుణ్ణి తనతో పంపెయ్యమని అడుగుతుందా? పిన్ని మాట విని, ఉన్న మనిషిని కూడా తన చేత్తోనే పోగొట్టుకున్నానని ఏడ్చింది.

తెల్లారేసరికి ఆల్రిక్ వల భుజాన వేసుకుని సముద్రానికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఎవరో తలుపు తట్టారు.

గుమ్మంలో ఒర్నెల్లా. జుట్టు దువ్వుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

యూలా తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఆల్రిక్ ఇంట్లో లేడు."

"తెలుసు. అతని పడవ వెళ్ళేదాకా మలుపులో నిలబడ్డాను."

"మరెందుకొచ్చారు?"

ఒర్నెల్లా తల దించుకుంది.

"రాత్రంతా కన్ను మూతపడలేదు. ఎందుకో నిన్ను ఒకసారి చూడాలనిపించింది."