పల్లు తోముకున్నారా?

గడినుడి ప్రియుల చర్చావేదికను ఉంచాలో మూయాలో ఇవాళే తేల్చాలి. సభ్యుల బదులు ఇప్పుడు అచ్చం వాళ్ళలా రాసే నీడయంత్రాలే రాస్తున్నాయి. పోయినవాళ్ళవి కూడా రోజూ "చాలా బాగుందండీ" అంటున్నాయి. వాటికి పొగడటమే తప్ప పోట్లాడటం రాదు. బతికున్న మనిషి ఒక్కరు దొరికినా మూసేది లేదని నిర్వాహకురాలు హైమవతి పంతం పట్టింది.

పెనం మీద దోసె వేసి, జన్మలో చేయని తప్పు కావాలనే చేసి వేదికలో రాసింది: "అందరూ పల్లు తోముకున్నారా?"

"తోముకున్నామండీ, చక్కటి ప్రశ్న!" అన్నాయి నీడలన్నీ.

దోసె మాడుతుండగా ఇంకో జవాబొచ్చింది.

"ఏవండీ హైమవతిగారూ, ళకీ లకీ తేడా తెలీని మీరా మాకు పెద్దదిక్కు? సిగ్గుండాలి!"

వేదికలో ఆమెకు బద్ధశత్రువు, భుజంగరావు.

హైమవతికి ప్రాణం లేచొచ్చింది. "మూయం" అని ప్రకటించి, కొంగు బిగించి పోట్లాటకు దిగింది.