పద్నాలుగు సెకన్ల నాయన

“పోయి ఎన్నాళ్ళయిందక్కా?” ఫోటోను రెండు చేతులా అందుకుంటూ గొంతు తగ్గించి అడిగాడు రామాంజి.

“ఐదు నెలలు” అంది సారా.

“పాపం, వయసు కూడా ఎక్కువ లేదు. ఏమైనాది?”

“ఏమయ్యేదేంది? బోరు లారీ తోలుకోని ఛత్తీస్‌గఢ్ పోయినాడు. వానలు పడితే వస్తాడు.”

రామాంజి నాలుక కరచుకున్నాడు. సంగతి అర్థమై సారా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కళ్యాణదుర్గం బస్టాండు పక్క సందులో రామాంజి డిష్షుల అంగడి. గోడకు ఆనించిన డిష్షులు, బల్ల మీద విప్పి పెట్టిన రిసీవర్లు, మూలన ఒక పాత కంప్యూటరు. సారా తన రిసీవరును టవల్లో చుట్టి, షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. రిపేరుకు కాదు.

“నీ అంగడి టీవీ ఆన్ చేస్తానే ముందు ఆంజనేయస్వామి కనపడతాడు గదా. ఆ మాదిరి మా డబ్బాలో మా ఆయన కనపడల్ల.”

“మీరు యేసుప్రభువును పెట్టించుకుంటారేమో అనుకుంటి.”

“ప్రభువునైతే నా బిడ్డ గుర్తుపడతాది. నాయన్నే గుర్తుపట్టదు.”

కూతురు రూతుకు మూడున్నరేళ్ళు. తండ్రి యేసన్న ఏడాదికి రెండుసార్లు వస్తాడు, వస్తే పది రోజులు ఉంటాడు. కిందటిసారి గడ్డంతో వచ్చి గుమ్మంలో నిలబడితే, పిల్ల కెవ్వుమని మంచం కిందికి దూరింది. తెచ్చిన గౌను చేతికిస్తే తీసుకోలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకోబోతే ఊరంతా వినపడేలా ఏడ్చింది. అలవాటు పడేసరికి పది రోజులూ అయిపోయాయి. బస్సెక్కే ముందు, “నా ఇంట్లో నేనే బూచోడినైతి సారా” అన్నాడు యేసన్న. ఆ మాట సారాకు ముల్లులా గుచ్చుకుంది.

“ఫోటో గోడకు తగిలిస్తే సరిపోతాది గదక్కా?”

“తగిలిస్తే నీ మాదిరే అందరూ పోయినాడనుకుంటారు” అంది సారా. “అయినా గోడను ఎవురు చూస్తారప్పా? నా బిడ్డ చూసేది టీవీ ఒక్కటే. లేస్తానే బొమ్మల చానలు పెట్టల్ల.”

రామాంజి రిసీవరు మూత తడుముతూ ఆలోచించాడు.

“చేస్తా. కానీ ముందే చెప్తాండా. డబ్బాలో ఉండేదంతా కంప్యూటర్లోకి తీసి, మొదట వచ్చే బొమ్మ మార్చి, మళ్ళా డబ్బాలోకి ఎక్కించల్ల. ఎక్కించేటప్పుడు కరెంటు పోయిందంటే ఇంగ నీ డబ్బా పనికిరాదు.”

“మన ఊర్లో కరెంటు పోకుండా ఉండేదెప్పుడు?”

“అదేనక్కా నా భయం.”

సారా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. డబ్బా పోతే పిల్లను ఊరుకోబెట్టడం ఎవరి తరమూ కాదు. పోకపోతే... “కానీప్పా” అంది.

పక్క స్టూడియోలో ఫోటోను స్కాన్ చేయించి తెచ్చి, కేబులు తగిలించి ఎక్కించాడు. టీవీలో యేసన్న ముఖం గుమ్మడికాయలా అడ్డంగా సాగి కనిపించింది.

“మా ఆయనకు అంత కూడు యాడ దొరికిందప్పా!”

రామాంజి కొలత సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాడు. సగం దాటాక ఫ్యాను నెమ్మదించింది. లైటు ఎర్రగా మారింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. లైటు అట్లాగే కొట్టుకులాడి, చివరికి తేరుకుంది. నల్లటి తెర మీద నీలం చొక్కాలో యేసన్న నవ్వుతూ కనిపించాడు. సరిగ్గా పద్నాలుగు సెకన్లు. తర్వాత చానలు వచ్చేసింది.

“ఇంకొంచెం సేపు ఉండేట్ల చేయలేవా?”

“అది డబ్బా మేలుకునే టైమక్కా. నా చేతిలో లేదు.”

మొదటి రోజు రూతు, “ఎవరుమా?” అని అడిగింది. “మీ నాయన” అని చెప్పింది సారా. వారం తిరిగేసరికి టీవీ పెట్టగానే పిల్లే “నాయన!” అని అరవసాగింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బొమ్మల కంటే ముందు యేసన్న వచ్చేవాడు. ఆ ఎండాకాలం సారా కరెంటు వాళ్ళను ఒక్కసారి కూడా తిట్టలేదు. ఆదివారం ఎస్టీడీ బూత్‌కు యేసన్న ఫోన్ చేస్తే, “నీ బిడ్డ దినమూ నిన్ను చూస్తాంది” అని చెప్పేది.

వానలు పడ్డాయి. బోర్ల పని ఆగింది.

ఆ రోజు రామాంజి సారా ఇంటి మిద్దె మీదున్నాడు. ముందు రాత్రి గాలికి తిరిగిపోయిన డిష్షును సరిచేస్తున్నాడు. ఇంటి ముందు ఆటో ఆగింది. సంచితో యేసన్న దిగాడు, మళ్ళీ గడ్డంతోనే. సారా ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. యేసన్న వాకిట్లోనే ఆగిపోయాడు, ఇంకో అడుగు వేయడానికి భయపడుతున్నట్టు.

రూతు బయటికి వచ్చి అతన్ని ఎగాదిగా చూసింది.

“నాయన!” అని అరిచింది.

యేసన్న సంచి అక్కడే వదిలేసి అరుగు మీద కూలబడ్డాడు. పిల్ల లోపలికి పరిగెత్తి చిన్న చాప ఈడ్చుకొచ్చి, అతని ఎదురుగా పరచుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గడ్డం కింద రెండు చేతులూ ఆనించుకుని అతని ముఖంలోకే చూడసాగింది. యేసన్న కళ్ళు నిండాయి. కదిలితే పిల్ల ఎక్కడ బెదురుతుందోనని తుడుచుకోలేదు కూడా.

“చూస్తివా? రెప్ప గూడా ఆర్చలేదు” అంది సారా. పైకి చూస్తే, మిద్దె అంచున రామాంజి పని ఆపేసి నవ్వుతున్నాడు.

చాలాసేపటికి యేసన్న గొంతు సవరించుకున్నాడు.

“అంతగా ఏం చూస్తాండావు తల్లీ?”

“నువ్వెప్పుడు పోతావు నాయనా, బొమ్మలు రావల్ల!”