డబ్బాలో అక్క

"టీచర్! ఎవరో బామ్మ వచ్చింది. నీలాగే గొంతు పోయింది!"

అరిచింది వాగుడుకాయ. ఆ పిల్లకు నాలుగేళ్ళు, నోటికి నలభై.

బడి గుమ్మంలో మెడకు శాలువా చుట్టుకున్న ముసలావిడ నిలబడి ఉంది.

"దారిన పోతుంటే కథ వినపడిందమ్మా. కాసేపు మూల కూర్చుంటా."

అది మాట కాదు, ఉత్త గాలి.

టీచరమ్మకు కాదనే ఓపిక లేదు. వారం రోజులుగా పిల్లలతో అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. ఇవాళ గురుపౌర్ణమి. మధ్యాహ్నం తల్లిదండ్రులు వస్తారు. ఈ పండగ ఎందుకో ఒక్క పిల్లయినా చెప్పలేకపోతే వేరే టీచర్ని చూసుకుంటానని పెద్ద మేడమ్ మొన్నే తేల్చేసింది.

"కూర్చోండి బామ్మగారూ. పిల్లల్ని మాత్రం కదిలించకండి."

స్పీకరు డబ్బాలో కథలక్క గొంతు హాయిగా సాగుతోంది. "ఇది వ్యాసుడనే పెద్దాయన పుట్టినరోజర్రా. చదువు చెప్పినవాళ్ళందరికీ దణ్ణం పెట్టుకునే పున్నమి..."

"ఏం గొంతమ్మా!" అంది ఆయా.

"చిన్నప్పుడు రేడియోలో వినేదాన్ని. ఈవిడలా చెప్పాలనే టీచర్నయ్యా. ఇప్పుడు చూడు, నోరు పెగలట్లేదు," అని నిట్టూర్చింది టీచరమ్మ.

గుర్రుమంటూ డబ్బా ఆగిపోయింది.

"అక్కేదీ? అక్కేదీ?"

పిల్లలు ఇల్లు పీకి పందిరేశారు. ఆయా డబ్బాను అటు తిప్పి, ఇటు తిప్పి, నెత్తిన ఒక్కటిచ్చింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. టీచరమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

ముసలావిడ మెల్లగా లేచి వచ్చి పిల్లల మధ్య కూలబడింది.

"దగ్గరికి రండర్రా. చంద్రుడికి సొంత వెలుగు లేదు, తెలుసా?"

ఆ గాలి మాట వినపడాలంటే నోళ్ళు మూయాల్సిందే. పిల్లలు గప్‌చుప్. వాగుడుకాయ అయితే ఆవిడ మోకాలి మీదికే వాలిపోయింది.

"ఆ వెలుగంతా సూర్యుడిదే. పున్నమి రాత్రి ఆయన మనకు కనపడడు. ఎక్కడో ఉండి ఇస్తాడు. గురువూ అంతే..."

"బామ్మగారూ!" టీచరమ్మ కంగారుగా అడ్డొచ్చింది. "ఆ కనపడకపోవడం కథలో లేదండీ. గురువు సూర్యుడు, మనం చంద్రులం, అంతే. కొత్తవి కలిపితే వీళ్ళు తికమకపడి నా కొంప ముంచుతారు. అక్క చెప్పినట్టే ఉండనివ్వండి."

ముసలావిడ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"నిజమేనమ్మా. అప్పుడు తోచలేదు," అని మూలకు వెళ్ళిపోయింది.

ఆయా తీగ కదిలించేసరికి డబ్బా మళ్ళీ అందుకుంది.

మధ్యాహ్నం అందరి ముందూ పెద్ద మేడమ్ అడిగింది. "గురువంటే ఎవరర్రా?"

వాగుడుకాయ ఒక్కతే లేచింది.

"సూర్యుడు! పున్నమికి కనపడడు. అయినా వెలుగు ఆయనదే!"

చప్పట్లు మారుమోగాయి. పెద్ద మేడమ్ టీచరమ్మ భుజం తట్టింది. హమ్మయ్య, ఉద్యోగం నిలబడింది.

ఇక పిల్లలు బిలబిలమంటూ వెళ్ళి తెచ్చిన పూలన్నీ డబ్బా మీద పోశారు. వాళ్ళ గురువు ఉండేది అందులోనే మరి.

"నా పువ్వు బామ్మకిస్తా," అంది వాగుడుకాయ.

"ముందు అక్కకి పెట్టమ్మా. బామ్మకి తర్వాత ఇద్దువుగాని," అంది టీచరమ్మ.

తర్వాత చూస్తే మూల ఖాళీ. గోడకు ఆనించిన గొడుగు ఒక్కటే మిగిలింది.

సాయంత్రం దాని కోసం ఒకామె వచ్చింది.

"మా అమ్మ మర్చిపోయిందండీ. మిమ్మల్నేమైనా విసిగించిందా?"

"అయ్యో, ఇవాళ నన్ను ఒడ్డున పడేసింది ఆవిడేనండీ. ఒక్క పువ్వయినా ఇవ్వలేకపోయా. ఇంట్లో ఉన్నారా?"

"మా తమ్ముడి ఊరికి మధ్యాహ్నమే బస్సెక్కించేశానండీ. ఇక అక్కడే ఉంటుంది."

"పాపం, ఈ కథంటే అంత ఇష్టమా ఆవిడకి?"

ఆమె గొడుగు అందుకుని, పూలలో మునిగిపోయిన డబ్బా వైపు చూసింది.

"ఆపరేషనయ్యాక మా అమ్మ గొంతు మిగిలింది అందులోనే కదండీ."