జీపు మింగిన చెయ్యి

రండి రండి, ముందుకు జరగండి. ఆ వెనక గుసగుసలాడేవాళ్ళు కాస్త నోళ్ళకు తాళాలేసుకోండి. ఇక్కడ ఒక మనిషి చెయ్యి జీపులో ఇరుక్కుని ఉంటే మీకు మీ కబుర్లే ముఖ్యమా?

ఆ మనిషి కొండదారిలో జీపు నడిపే డ్రైవరు. షెడ్డు ముందు పైకప్పు దాకా బురద పూసుకుని రెండు జీపులు నిలబడి ఉన్నాయి. ఒకదాని వెనక చక్రం పక్కన బోర్లా పడి ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా యాక్సిల్ సందులో ఉంది. లోపలి బేరింగుకు గ్రీజు పెట్టకపోతే రేపు కొండ ఎక్కేటప్పుడు చక్రం పట్టేస్తుంది. గ్రీజు గన్ను మూతి అక్కడిదాకా అందదు. చక్రం విప్పడానికి బద్ధకం. అందుకే గుప్పెడు గ్రీజుతో చెయ్యి దూర్చాడు. పోయేటప్పుడు పాములా జారిన చెయ్యి, వచ్చేటప్పుడు వాచి ఏనుగు కాలైపోయింది.

“కాస్త గ్రీజు రాసి లాగకపోయావా?” అంది పరిగెత్తుకొచ్చిన పెళ్ళాం.

“ఇంకా ఏం రాయనే? చెయ్యి ఉన్నదే గ్రీజులో!”

మెకానిక్కు వంగి చూసి పెదవి విరిచాడు. “లాభం లేదన్నా. యాక్సిల్ కొయ్యాల్సిందే.”

“కొయ్యి బాబూ!” అంది పెళ్ళాం. “బండి పోతే పోయింది. స్టీరింగు పట్టేదీ ఆ చెయ్యే, మా ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తేదీ ఆ చెయ్యే.”

మెకానిక్కు రంపం అందుకోగానే టోపీ పెట్టుకున్న ఒకాయన అడ్డం పడ్డాడు. గ్రీజు డబ్బా తెరిచినప్పటి నుంచీ పక్కనే నిలబడి, “పిసినారితనం చెయ్యకు తమ్ముడూ, నిండుగా పెట్టు” అని సలహాలిస్తున్న మనిషి.

“ఆగండాగండి! బంగారంలాంటి యాక్సిల్‌ని కొయ్యడమేంటి?”

“మరి చెయ్యి కొయ్యమంటారా?” అన్నాడు మెకానిక్కు.

టోపీ ఆయన గడ్డం గోక్కున్నాడు. ఆయన నిజంగానే ఆలోచిస్తున్నాడని తెలిసి డ్రైవరుకు చెమటలు పట్టాయి.

“చేతులైతే ఆయనకి రెండున్నాయి కదా...”

“నీ నోట్లో గ్రీజు కూర!” అని డ్రైవరు పెళ్ళాం జాకీ రాడ్డు ఎత్తింది.

అంతలో గాజులు అమ్మే ముసలావిడ గంప దించి, అందర్నీ పక్కకు నెట్టింది. “లేవండి అడ్డం. ఇంతకంటే మొండి చేతులకి గాజులెక్కించాను.” సన్నటి చెయ్యి సందులోకి పోనిచ్చింది. “బొటనవేలు అరచేతిలోకి మడువు నాయనా. ఆఁ, అలా. అవునూ, నీ డ్రైవింగు గురించి మీ ఆవిడ నాతో ఏమందో తెలుసా?”

“ఏమంది?” అని డ్రైవరు తల తిప్పాడో లేదో, బుళుక్కుమని చెయ్యి బయటకొచ్చింది!

షెడ్డంతా చప్పట్లు. డ్రైవరు వేళ్ళన్నీ ఆడించి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి, అన్నీ తనవే. పెళ్ళాం ఆ చేతిని బుగ్గకానించుకుని ఏడుస్తూ నవ్వింది. సగం మొహం నల్లబడింది.

“గ్రీజైనా పట్టిందా అన్నా?” అన్నాడు మెకానిక్కు.

“నిండుగా! ఇక ఏడాది దాకా ఆ చక్రం కిక్కురుమనదు,” అని డ్రైవరు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

టోపీ ఆయన కూడా హమ్మయ్య అనుకుని, వచ్చి అతని భుజం తట్టాడు.

“నా జీపుకు పెట్టావు సరే తమ్ముడూ, మరి నీ జీపుకో?”