వరస తప్పిన మట్టి

గుంటలో వెలుతురు తగ్గింది. మట్టి పరీక్షలు చేసే ఆవిడ తల ఎత్తి చూసింది. అంచున ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు.

"తాతా, కాస్త పక్కకి జరగండి. నీడ పడుతోంది."

జరిగాడు. వెళ్ళలేదు.

అది ఒకప్పటి సరస్సు అడుగు. నీళ్ళు తగ్గిపోయాక ఒడ్డున మెట్టులా మిగిలింది. ఇప్పుడు అక్కడ ఇళ్ళు కడతారట. కింద ఏముందో తేల్చడానికి గుంటలు తవ్విస్తోంది ఆవిడ.

చిటికెడు మట్టి తీసి, తడిపి, బొటనవేలితో నొక్కింది. తెగకుండా నాడాలా సాగింది.

"ఏం కనబడుతోందమ్మా?"

"పైన నల్లమట్టి. దాని కింద బూడిదరంగు బంక. మధ్యమధ్యలో తెల్లటి చారలు. ఏటేటా వరద తెచ్చిపోసిన ఒండ్రు అది."

"వరస తప్పలేదా?"

"ఎందుకు తప్పుతుంది? చాపలు పేర్చినట్టుంది. ఇక్కడ ఎప్పుడూ పార పడలేదు."

సంబరంగానే చెప్పింది. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది.

మర్నాడు ఇంకో గుంట. మళ్ళీ ఆయన. మళ్ళీ అదే ప్రశ్న.

"నేల బాగుందంటే ఈయనకెందుకో ఏడుపు," అంది ఆవిడ, తవ్వే మనిషితో.

"పొద్దుపోక వస్తున్నాడులెండి మేడం."

ఓ రోజు లోపలికి చూద్దామని మరీ వంగాడు. అంచు విరిగి, ఆవిడ పొద్దుటినుంచీ చెక్కి నునుపు చేసుకున్న గోడ మీద పెళ్ళలు పడ్డాయి.

ఆవిడకి ఒళ్ళు మండింది.

"మీకు వేరే పనేం లేదా? ఇక ఇటువైపు రాకండి."

"అలాగే తల్లీ."

మోకాళ్ళకి అంటిన మట్టి దులుపుకోకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత రాలేదు. ఆవిడకి హాయిగానే ఉంది.

మెట్టు చివర ఆఖరి గుంట తవ్వారు. దిగి చూసి ఆవిడ పెదవి విరిచింది. నల్లమట్టి గడ్డలు బంకలో కూరుకుపోయి ఉన్నాయి. చారలన్నీ ముక్కలు ముక్కలు.

"తలాతోకా లేదు. ఎవరో తవ్వి పూడ్చిన చోటిది. మనకి పనికిరాదు."

"ఇంకాస్త దిగమంటారా మేడం?"

"దండగ. పూడ్చెయ్."

అతను పూడ్చి, కాళ్ళతో తొక్కి చదును చేశాడు.

సామాను సర్దుకుని బయల్దేరితే, వీధి మలుపులో ఓ ఇంటి ముందు జనం.

"ఏమైంది?" అని అడిగింది, గుమ్మం దగ్గరున్న ఇల్లాలిని.

"ముసలాయన పోయారమ్మా. నాలుగు రోజులుగా జ్వరం. మీ గుంటల దగ్గరికి వచ్చేవారే, ఆయనే."

ఆవిడ చేతిలో సామాను కింద పెట్టింది.

"నా దగ్గరికి ఎందుకొచ్చేవారు?"

"మీకు చెప్పలేదా? ఎప్పుడో ఆ మెట్టు మీద బావి తవ్వుతుంటే ఒడ్డు విరిగిపడింది. లోపలున్న మనిషిని తియ్యబోతే ఇంకా ఇంకా కూలిందట. చివరికి అలాగే పూడ్చేశారు. ఆ తర్వాత యంత్రాలు తెచ్చి నేలంతా పైపైన చదును చేసేసరికి బావి ఎక్కడుండేదో ఆనవాలే లేకుండా పోయింది."

ఇల్లాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అందులో ఉండిపోయింది ఆయన కొడుకే."