మడమ రేకు కింద కాగితం

"చేతులు తుడుచుకుని పట్టుకో దీదీ. నూట ముప్ఫై ఏళ్ల కాగితం, గట్టిగా ఊపిరి వదిలితే రాలిపోతుంది," అన్నాడు వెర్లిన్.

పక్కింటి ధనమాయ శాలువా అంచుకు చేతులు తుడుచుకుంది. అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో, ఆ వీధిలో సగం ఇళ్లు నేపాలీలవే.

"ఆ తుపాకీకి నువ్వు చేసే సేవ చూస్తే నవ్వొస్తుంది అన్నా. నీ తలకు చుక్క నూనె లేదు గానీ, దానికి మాత్రం వారానికోసారి తలంటు!"

"నా తలకు జుట్టేదీ?"

నేపాలు ఆయుధశాలలో వందేళ్లు మగ్గి, ఓడెక్కి వచ్చిన సిపాయి తుపాకీ అది. గడ్డకట్టిన జిడ్డు వదిలించి, కర్రకు అవిసె నూనె పట్టించడానికే వెర్లిన్‌కు రెండు నెలలు పట్టింది. గరుకు కాగితం మాత్రం తాకనివ్వలేదు. మోసినవాడి గీతలు చెరిపేస్తే తుపాకీ చచ్చినట్టేనని ఆయన పట్టుదల. ఆ ఉదయం భుజానికి ఆనించే మడమకున్న ఇత్తడి రేకు విప్పితే, కింద తొర్రలో మడత పెట్టిన ఈ కాగితం దొరికింది. మాసిపోయిన నేపాలీ అక్షరాలు, మూడే వరుసలు. చదివిపెడుతుందని ధనమాయను పిలిచాడు.

"ఈ కాగితమంటే నీకెందుకింత ఆత్రం?" అంది ధనమాయ.

వెర్లిన్ ఇత్తడి రేకును బల్లమీద పెట్టాడు.

"మా అన్న లాయిడ్ వియత్నాం యుద్ధానికి వెళ్లి పదకొండు నెలలు బతికాడు దీదీ. ఇంటికి ఒక్క ముక్క రాయలేదు. వాడికి మనం గుర్తే లేమురా అనుకుంటూనే పోయింది అమ్మ."

"రాయడం రాదేమో?"

"ఎందుకు రాదు? బడిలో వాడే మొదటివాడు."

"వచ్చీ రాయలేదా!"

"అందుకే ఇన్నేళ్లుగా ఈ రేకులు విప్పుతున్నాను. సిపాయి అన్నవాడు ఇంటికేం రాసుకుంటాడో ఒక్కసారి వినాలని."

ధనమాయ కాగితాన్ని కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

"పాపకు జ్వరం తగ్గిందా? పై మడికి నీళ్లు కట్టించావా? నేను రాయలేదని కోపం పెట్టుకోకు. రోజూ రాద్దామనే కూర్చుంటాను. మీ మొహాలు కళ్లముందుకొచ్చి చెయ్యి ఆడదు. రాయనంత మాత్రాన మరిచానని కాదు."

వెర్లిన్ గోడవైపు తిరిగి కళ్లజోడు తీశాడు. తుడిచినకొద్దీ అద్దాలు మసకబారాయి.

"మూడు వరుసల్లో ఇంత ఉందా?" అన్నాడు చివరికి.

"మావి పొదుపు అక్షరాలు అన్నా. కొంచెం చోట్లో చాలా పడతాయి."

"అమ్మ వినాల్సిన మాట ఇది."

"నువ్వు విన్నావుగా. చాల్లే."

బాగుచేసిన ప్రతి తుపాకీకీ వెర్లిన్ ఒక పుస్తకం పెడతాడు. ఏం విప్పిందీ, ఏం దొరికిందీ, ఎవరు సాయపడిందీ అన్నీ అందులో ఎక్కాలి. ఆమె చెప్పినదంతా మాట పొల్లుపోకుండా రాశాడు. కింద 'చదివినవారు' అని రాసి, పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి కలం అందించాడు.

"సంతకం పెట్టు దీదీ."

ధనమాయ కలం అందుకోలేదు. బల్లమీది మసిగుడ్డకు బొటనవేలు అద్ది, 'చదివినవారు' పక్కన ముద్ర వేసింది.