వానలో నీళ్ళు

శ్రావణమంతా ముసురే. అయినా అక్క కూతురు రోజూ గొడుగేసుకుని వెళ్ళి, పెరటి గోడవారనున్న చిక్కుడు కుండీకి మగ్గుతో నీళ్ళు పోసేది.

“వానలో నీళ్ళు పోసే తోటమాలిని నిన్నే చూశానే!” అన్నాను.

“దీనికి చాలవు పిన్నీ. లోపల పెద్దది ఉంది,” అంది ఐదేళ్ళ ఆరిందా.

మొదట్లో మొలకల్ని పీకి పీకి చూస్తుంటే నేనే కోప్పడ్డాను. “వేళ్ళు పట్టాక లాగకూడదే. ఇక దాని ఇల్లదే.”

ఎండాకాలంలోనే ఖాయమైన కొత్త ఉద్యోగానికి ఈ ఉదయం వేరే ఊరు బయల్దేరాను. పాత చెప్పులు వానకు నాని తెగిపోయాయి. దాచుకున్న కొత్తవాటి పెట్టె తెరిస్తే, అందులో ఒక్కటే ఉంది!

అక్క, నేను ఇల్లంతా గాలించాం. పిల్ల మాత్రం కుండీకి అడ్డంగా నిలబడింది. అనుమానమొచ్చి మట్టి తవ్వాను.

నా చెప్పే! పట్టీ సందులోంచి తెల్లటి చిక్కుడు వేరు దూరి, గట్టిగా అల్లుకుని ఉంది.

“ఏం పనే ఇది, రాక్షసీ?” అక్క చెయ్యెత్తింది.

“లాగద్దు! వేళ్ళు పట్టేసింది. ఇక పిన్ని ఇల్లు ఇదే.”

లాగడానికి నాకు చేతులు రాలేదు. మట్టి మళ్ళీ కప్పేసి, అక్క చెప్పులు వేసుకుని బస్సుకి పరుగెత్తాను.

“నాకున్నది ఆ ఒక్క జతేనే! ఆదివారం తెచ్చివ్వకపోయావో!” వాకిట్లోంచి అక్క కేకేసింది.

ఆ వెనకే, కుండీ దగ్గర్నుంచి పకపకా నవ్వు.